మన్యం ఇంటి లోపలి గోడ

సీతంపేట ఏజెన్సీ కొండల్లోనూ, సరిహద్దు దాటితే ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లోనూ సవర గిరిజనులు పాతరకం ఇంటిని తామే కట్టుకుంటారు. రాళ్లూ మట్టీ పేర్చో, కర్రలు నాటి తడిక అల్లో గోడ లేపుతారు. సామానంతా చుట్టుపక్కల దొరికేదే. అయినా ఇది తెలివి అక్కర్లేని పని కాదు. లోపలి గోడకు మట్టి మెత్తే తీరు చూస్తే ఆ సంగతి అర్థమవుతుంది.

మట్టి ఎంపికే సగం పని. బంక ఎక్కువైతే ఆరేటప్పుడు కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. ఇసుక ఎక్కువైతే చేయి తగిలినా రాలుతుంది. సరైన మట్టిని నానబెట్టి, తరిగిన గడ్డో ఊకో కలిపి కాళ్లతో తొక్కుతారు. ఆ పోచలు మట్టిని పట్టి ఉంచుతాయి కాబట్టి పెద్ద పగులు పడదు.

మొదటి మెత్తు మందంగా ఉంటుంది. తడిక మీదైతే ముద్దను అరచేత్తో గట్టిగా అదమాలి. మట్టి సందుల్లోకి దిగి, అవతలి వైపు నుంచి మెత్తినదానితో కలిస్తేనే గోడకు పట్టు. అది ఆరి, పగలాల్సినంత పగిలాకే రెండో పూత. తొందరపడితే లోపలి పగులు పైకి తేలుతుంది. రెండో పూతకు ముందు గోడను తడపాలి, లేకపోతే పొడి గోడ కొత్త పూతలోని నీటిని లాగేసుకుంటుంది, పూత పెచ్చులూడుతుంది. మెత్తటి మట్టిలో పేడ కలిపి పలచగా రాస్తారు. పేడలోని సన్నని పీచు ఇక్కడ గడ్డి చేసే పనే చేస్తుంది. తడి పూర్తిగా ఆరకముందే నున్నగా రుద్ది, చివరగా ఎర్రమట్టి నీళ్లతో అలుకుతారు.

ఆ ఎరుపు మీదే సవరల బొమ్మలు వెలుస్తాయి. ఒడిశా వైపు వీటిని ఇడితాల్ అంటారు. బియ్యప్పిండి నీళ్లలో, కొస చితక్కొట్టిన పుల్లను ముంచి గీస్తారు. చతురస్రంగా గీసిన హద్దు లోపల మనుషులు, జంతువులు, చెట్లు, సూర్యచంద్రులు ఉంటారు. ఇది అలంకారం కోసం వేసేది కాదు. పితృదేవతలకూ ఇతర శక్తులకూ ఇంట్లో చోటు చూపించడం. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1951లో వెలువరించిన ‘ది ట్రైబల్ ఆర్ట్ ఆఫ్ మిడిల్ ఇండియా’లో ఈ చిత్రాల గురించి రాశారు. రైలు, విమానం వంటివీ వీటిలోకి వచ్చి చేరాయి. పాత నమ్మకం కొత్త వస్తువును కాదనలేదు.

మట్టి గోడ గాలిలో తేమ ఎక్కువైతే పీల్చుకుంటుంది, తగ్గితే వదులుతుంది. పొయ్యి పొగకు నల్లబడితే మళ్లీ అలుకుతారు. ఎక్కడైనా ఊడితే ఆ మట్టితోనే అతుకు వేస్తారు. దీని శత్రువు నీరే. అందుకే ఎత్తు అరుగు, కిందికి దిగిన చూరు తప్పనిసరి. మన్నిక కోసమని మట్టి గోడ మీద సిమెంటు పూస్తే జరిగేది వేరు. లోపలి తడి బయటికి పోదు, మట్టి గుల్లబారుతుంది, పైపూత పలకలుగా ఊడుతుంది.

సవర చిత్రాలు ఇప్పుడు కాగితం మీదికీ గుడ్డ మీదికీ వచ్చాయి. కళాకారులకు నాలుగు డబ్బులు రావడం మంచిదే. కానీ బొమ్మను మెచ్చుకుని, దాన్ని మోసిన గోడను వెనుకబాటుతనంగా చూడటం న్యాయం కాదు. ఊళ్లో మీ తాతల మట్టిల్లు ఉంటే సిమెంటు బస్తా కొనేముందు మట్టి మెత్తడం తెలిసిన పెద్దవాళ్లను ఒక్కసారి పిలిచి గోడ చూపించండి.