మండె కట్టిన గింజ

సార్వా నారుమళ్ళ రోజులు వచ్చాయంటే మా తాతయ్య మండె కట్టడం గుర్తొస్తుంది. ముందు వడ్లను ఉప్పునీళ్ళలో పోసేవారు. తాలు పైకి తేలేది, గట్టి గింజ అడుగున నిలిచేది. దాన్ని మంచినీళ్ళతో కడిగి, 24 గంటలు నానబెట్టి, నీళ్ళు వార్చి, తడి గోనెసంచిలో మూటగట్టేవారు. పైన వరిగడ్డి కప్పి ఇంటి మూల పెట్టేవారు. ఇంకో 24 గంటలు అది అలా చీకట్లోనే ఉండాలి.

ఆ ఒక్క రోజూ నేను ఆగలేకపోయేవాణ్ణి. మాటిమాటికీ వెళ్ళి మూట విప్పబోయేవాణ్ణి. "విప్పితే వెచ్చదనం పోద్దిరా అబ్బాయ్! లోపల దాని పని అది చేసుకుంటా ఉంది" అని తాతయ్య మందలించేవారు. ఆయన మాత్రం సంచి మీద చెయ్యి ఆనించి వేడి చూసి, అప్పుడప్పుడూ నీళ్ళు చిలకరించేవారు. తడి ఆరితే మొలక ఆగిపోతుంది, వేడి మితిమీరితే గింజ చెడుతుంది. మర్నాడు మూట విప్పితే గోరువెచ్చటి ఆవిరి, పచ్చి వాసన, గింజ గింజకీ కొసన తెల్లటి మొలక!

మార్కు సువార్త 4వ అధ్యాయంలో యేసు చెప్పిన ఒక చిన్న ఉపమానం ఉంది. మిగతా మూడు సువార్తల్లో అది కనబడదు. విత్తనం చల్లిన రైతు రాత్రి పడుకుంటాడు, పొద్దున లేస్తాడు. అది ఎలా మొలిచి పెరుగుతోందో అతనికే తెలియదు. దేవుని రాజ్యం అలాంటిదన్నాడు ప్రభువు. ఆయన చూసినవి గోధుమ, యవల చేలు. నాకు మాత్రం ఆ ఉపమానం చదివినప్పుడల్లా మా ఇంటి మూలనున్న తడి గోనెసంచే కళ్ళముందు ఆడుతుంది.

పొద్దున ప్రార్థన చేసి సాయంత్రానికి జవాబు వెతుక్కునే మనిషిని నేను. ఒక దగ్గరి బంధువు మనసు మారాలని ప్రార్థిస్తూ, మారాడో లేదోనని రోజూ అతన్ని కదిపి చూసి విసిగించాను. అతను నాతో మాట్లాడటమే తగ్గించాడు. నేను చేసింది మూట విప్పడమేనని ఆలస్యంగా అర్థమైంది.

అలాగని చేతులు ముడుచుకు కూర్చోవడం విశ్వాసం కాదు. తాతయ్య ఊరికే కూర్చోలేదు కదా! రోజూ కాస్త వాక్యం, ఒక ప్రార్థన, ఒక ఓపికైన పలకరింపు మన వంతు. మొలిపించడం దేవుని వంతు.

మీరూ ఎవరికోసమైనా ఏళ్ళ తరబడి ప్రార్థిస్తున్నారా? ఈ వారం కూడా ఆ మూట మీద కాసిని నీళ్ళు చిలకరించండి. విప్పకండి.