మన పిల్లల భయం ఏ బొమ్మలో ఉంది?

మన బడులకు వచ్చే బొమ్మల పుస్తకాల్లో భయం ఎక్కువగా అడవిలోనే కాపురం ఉంటుంది. చెట్టుకు గోళ్లుంటాయి, పొదలోంచి రెండు కళ్లు మెరుస్తుంటాయి. బుట్టాయగూడెం వైపు రెండో తరగతి పిల్లలకు అలాంటి పేజీ చూపిస్తే, "ఇదేం చెట్టు సార్?" అని అడిగారు. చీకటుండగానే లేచి అమ్మతో ఇప్పపూలు ఏరే పిల్లలు వాళ్లు. అడవి అంటే భయం అని వాళ్లకు మొదట చెప్పేది ఆ పుస్తకమే. నా అభ్యంతరం అక్కడ.

అలాగని భయపెట్టే బొమ్మలే వద్దనే టీచర్లతో నేను ఏకీభవించను. అమెరికా రచయిత మారిస్ సెండాక్ 1963లో వేసిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' చూడండి. పిల్లలు జడుసుకుంటారని అప్పట్లో కొందరు పెద్దలు దాన్ని తప్పుబట్టారు. మరుసటి ఏడాదే దానికి కాల్డెకాట్ మెడల్ వచ్చింది. అల్లరి చేసిన పిల్లాణ్ణి తల్లి అన్నం పెట్టకుండా గదిలోకి పంపేస్తుంది. ఆ గదిలోనే అడవి మొలుస్తుంది. వాడు మృగాలను చంపడు, వాటికి రాజై కూర్చుని, బెంగపడి ఇల్లు చేరతాడు. తిండి ఇంకా వేడిగానే ఉంటుంది. ఆ అడవి వాడి కోపంలోంచి పుట్టింది. అమ్మ ఇక నన్ను వద్దంటుందేమో అన్నది ఐదేళ్ల భయం, ఏ ఊళ్లోనైనా అంతే. కథ చెప్పాక మావాళ్లు మృగాల గురించి అడగలేదు. అన్నం ఎవరు పెట్టారని అడిగారు.

పదేళ్లు వచ్చేసరికి భయం మనుషుల మీదికి మళ్లుతుంది. హైదరాబాదు అన్వేషి సంస్థ రూపొందించిన 'డిఫరెంట్ టేల్స్' వరసలో జయశ్రీ కళత్తిల్ కథ 'ద శాక్‌క్లాత్‌మాన్' ఈ వయసుకు సరిపోతుంది. ఊరంతా పిచ్చివాడని తరిమే మనిషితో అను అనే పిల్ల స్నేహం చేస్తుంది. ఆమె ఇంట్లోనూ ఒక చావు దుఃఖం ఉంది. ఎవరిని చూసి భయపడాలో పెద్దలు ఎలా నేర్పుతారో ఈ కథ చెబుతుంది. మాటలు ఎక్కువ, టీచరు చదివి వినిపించాల్సిందే. కొండ దిగి హాస్టల్లో చేరిన పిల్లలకు ఇది త్వరగా అర్థమవుతుంది. నోరు తెరిస్తే తమ యాసకు నవ్వుతారన్న భయం వాళ్లకు రోజూ ఉండేదే.

నాకు అన్నిటికన్నా నచ్చింది 'ద లండన్ జంగిల్ బుక్'. మధ్యప్రదేశ్ గోండు చిత్రకారుడు భజ్జూ శ్యామ్ ఒక రెస్టారెంటు గోడలకు బొమ్మలు వేయడానికి లండన్ వెళ్లాడు. ఆ ప్రయాణాన్ని చెన్నై తారా బుక్స్ 2004లో పుస్తకం చేసింది. అందులో విమానం రెక్కల ఏనుగు, బస్సు నమ్మకమైన కుక్క, భూమి కింద నడిచే రైలు వానపాము. అక్కడ వింతగా ఉన్నది మహానగరం, దాన్ని అర్థం చేసుకోడానికి ఆయన తన అడవినే వాడుకున్నాడు. ఏలూరుకో తాడేపల్లిగూడేనికో చదువుకు దిగే పదమూడేళ్ల పిల్ల చేతిలో పెట్టాల్సిన పుస్తకం ఇది. మా పాత విద్యార్థిని ఒకామె దీన్ని చూశాక ఏలూరు బస్టాండు గీసింది. అందులో మైకు కోతిమూక అయింది.

మరి మన నేలమీది భయాలు? 2022 జూలైలో గోదావరి వేలేరుపాడు, కుక్కునూరు ఊళ్లను ముంచింది. ఇల్లు విడిచి గుట్టెక్కిన పిల్లలున్నారు. కొల్లేటి లంకల్లో 2006లో చేపల చెరువుల గట్లను యంత్రాలు తెంపుతుంటే చూసిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. తాటిదోనె మీద పెరిగినవాళ్లకు నీళ్లంటే భయం లేదు. వాళ్లు భయపడింది పొక్లెయినర్‌కు. ఆ పొక్లెయినర్ గానీ, గుట్టమీది టార్పాలిన్ గానీ నేను చూసిన ఏ పిల్లల పుస్తకంలోనూ లేదు. వీటిని గీయగల చేతులు మన ఎనిమిదో తరగతి బల్లల మీదే ఉన్నాయి. మాటలు ముందు కోయలో రాయించండి, తెలుగు పక్కన పెట్టొచ్చు.