అందనంత ఎత్తున వదిలిన బంతి

కరీం అబ్దుల్ జబ్బార్ ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 20 సీజన్లు ఆడి చేసిన పాయింట్లు 38,387. ఈ రెండు అంకెలూ చూసి, అంత పొడుగు ఉంటే ఎవరైనా అన్ని పాయింట్లు చేస్తారని తేల్చేయడం సులువు. అంత పొడుగున్నవాళ్లు అతనికి ముందూ వచ్చారు, తర్వాతా వచ్చారు. ఒంటిచెయ్యి నిటారుగా చాచి తలపై నుంచి వేసే అతని హుక్ షాట్ ‘స్కైహుక్’ మాత్రం ఆ స్థాయిలో మరెవరికీ పట్టుబడలేదు. అది పుట్టుకతో అబ్బింది కాదు, సాధనతో వచ్చిన విద్య.

హుక్ షాట్ అతను కనిపెట్టింది కాదు. మినియాపొలిస్ లేకర్స్ దిగ్గజం జార్జ్ మైకన్‌కు అదే ప్రధానాయుధం. అతని పేరు మీదే ‘మైకన్ డ్రిల్’ వచ్చింది. బాస్కెట్ కింద నిలబడి కుడివైపు నుంచి కుడిచేత్తో ఒకటి వేయాలి. బంతి నేల తాకకముందే అందుకుని ఎడమవైపు నుంచి ఎడమచేత్తో మరొకటి. అలా ఆపకుండా వేస్తూ పోవాలి. న్యూయార్క్‌లో లూ ఆల్సిండర్ పేరుతో పెరిగిన కరీం బడి రోజుల్లోనే దీన్ని ఒంటబట్టించుకున్నాడు.

కరీం యూసీఎల్‌ఏ యూనివర్సిటీ జట్టులో కోచ్ జాన్ వుడెన్ దగ్గర ఆడుతుండగా, 1967లో అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌లో డంక్‌ను నిషేధించారు. అతణ్ని కట్టడి చేయడానికే ఆ నిబంధన తెచ్చారని చాలామంది నమ్మారు. రింగులోకి బంతిని బలంగా దించే దారి మూసుకుపోయింది. దాంతో అతను హుక్‌కు పదును పెట్టాడు. 1967, 68, 69లలో జాతీయ టైటిల్ యూసీఎల్‌ఏదే.

ఆ షాట్‌ను దగ్గర నుంచి చూద్దాం. బాస్కెట్‌కు వీపు పెట్టి, ఎడమపక్క బంతి అందుకుంటాడు. ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి, డిఫెండర్ ఎక్కడున్నాడో కనిపెడతాడు. ఎడమకాలు కోర్టు మధ్యలోకి వేసి, దాని మీదే తిరుగుతాడు. ఇప్పుడు ఎడమ భుజం రింగు వైపు, కుడిచెయ్యి అవతలి వైపు ఉంటాయి. మధ్యలో అతని ఒళ్లే అడ్డుగోడ. మడిచిన ఎడమ మోచెయ్యి కాపలా. కుడి మోకాలు పైకి లేస్తుంటే చెయ్యి నిటారుగా సాగుతుంది. ఎగిరిన ఎత్తు చివరంచున మణికట్టు విసురుతో బంతి వేళ్ల కొసల నుంచి జారిపోతుంది. ఆపాలంటే డిఫెండర్ ఆ ఒంటిని దాటి, ఆ ఎత్తును అందుకోవాలి. రెండూ ఒకేసారి కుదరడం దాదాపు అసాధ్యం.

ఇందులో దూకుడు కన్నా లయదే పెద్దపాత్ర. అందుకే వయసు దాన్ని దెబ్బతీయలేకపోయింది. 1985 ఫైనల్స్ తొలి మ్యాచ్‌లో బోస్టన్ చేతిలో అతని జట్టు లేకర్స్ 114–148తో చిత్తయింది. 38 ఏళ్ల కరీం చేసింది 12 పాయింట్లే. అతని పని అయిపోయిందనిపించింది. రెండో మ్యాచ్‌లో 30 పాయింట్లు, 17 రీబౌండ్లతో బదులిచ్చాడు. టైటిల్ లేకర్స్‌కు, ఫైనల్స్ ఉత్తమ ఆటగాడి పురస్కారం అతనికి దక్కాయి. అంతకుముందు ఏడాది విల్ట్ చాంబర్లేన్ పాయింట్ల రికార్డును దాటించిందీ స్కైహుక్కే.

ఆరు టైటిళ్లు, ఆరుసార్లు లీగ్ ఉత్తమ ఆటగాడి పురస్కారం సాధించిన కరీం 1995లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అతని పాయింట్ల రికార్డును 2023లో లెబ్రాన్ జేమ్స్ అధిగమించాడు. స్కైహుక్‌కు మాత్రం వారసుడు రాలేదు. ఆట మూడు పాయింట్ల గీత వైపు జరిగింది. బాస్కెట్‌కు వీపు పెట్టి ఆడే నేర్పు మీద కోచ్‌లకు మోజు తగ్గింది.

ఎత్తు లేనిదే ఇది సాధ్యం కాదన్న వాదనకు లేకర్స్ సహచరుడు మ్యాజిక్ జాన్సన్ ఎప్పుడో జవాబిచ్చాడు. కరీం కన్నా 5 అంగుళాలు పొట్టి అయినా, అతని దగ్గరే హుక్ నేర్చుకుని, 1987 ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌ను దాంతోనే గెలిపించాడు. కాబట్టి పొడుగు పిల్లాడు దొరికితేనే నేర్పుదామని ఏ కోచూ ఎదురుచూడనక్కర్లేదు. మైకన్ డ్రిల్‌కు కావాల్సింది ఒక బంతి, ఒక రింగు, విసుగులేని సాధన. కరీం మొదలుపెట్టింది వాటితోనే.