పురికొస

నాలుగు నెలల కిందట కొన్న బెల్టు ఈ సోమవారం పొట్టు రాల్చింది. లోపలివైపు ‘ఒరిజినల్ లెదర్’ అని అచ్చు ఉంది. వంచి చూస్తే ఉల్లిపొరలా పైపూత లేచి, కింద అట్టముక్కలాంటిదేదో కనపడింది. తోలు తరుగును పొడి చేసి, జిగురుతో అతికి, ప్లాస్టిక్ పూత పూసిన సరుకది. కొబ్బరి బిస్కెట్టుని కొబ్బరికాయ అన్నట్టు.

ఈ కాలమ్ చదివేవాళ్లకి నా చాదస్తం తెలిసిందే: చేత్తో చేసింది తరాలుంటుంది, మిషన్‌ది నెలలుంటుంది. ఇంట్లోవాళ్లు “మళ్లీ మొదలెట్టావా” అంటుండగానే సింధనూరు బజార్లో చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గరికెళ్లి కూర్చున్నా.

ఆయన గేదె తోలు తీశాడు, అదీ వెన్ను మీది బద్ద. “పొట్ట తోలు సాగుద్ది సార్, మీ పొట్ట మాదిరే” అన్నాడు. ఆరెతో పొడిచి, మైనం రుద్దిన ఒకే దారాన్ని ఇటునుంచీ అటునుంచీ దూర్చి లాగాడు. మిషన్ కుట్టు ఒకచోట తెగితే వరసగా జారిపోతుంది. ఇది తెగిన చోటే తెగి మిగతా అంతా పట్టుకునే ఉంటుంది. అంచులు తడిపి మెరుపొచ్చేదాకా గుడ్డతో రుద్దాడు. బకిల్ ఇత్తడిదే వేశాడు. చెట్టు చెక్కతో పదును చేసిన తోలుకి ఇనుము తగిలితే నల్లబడుతుంది మరి. కాళహస్తి కలంకారీవాళ్లు ఇనుప ముక్కలూ బెల్లమూ నానేసి, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద నలుపు రప్పించేదీ ఈ కిటుకుతోనే. చివరికి అయిదు కన్నాలు. బిగియాల్సింది మూడోదాంట్లో, రెండు చిక్కడానికి, రెండు లావవడానికి.

ఇక్కడ చేతిపని గొప్పతనం మీద ఇంకో పేరా దంచాల్సింది. కానీ మొదట్లో ఆయన టేపు తీసి నా నడుం చుట్టూ తిప్పినప్పుడే మా నాయన బెల్టు గుర్తొచ్చి కూర్చుంది.

తుంగభద్ర ఎడమ కాలువకి నీళ్లొచ్చాక గోదావరి జిల్లాలో ఉన్న కాస్తా అమ్ముకుని వచ్చి, ఇక్కడి క్యాంపులో నల్లరేగడి కొన్నవాళ్లలో మా తాతొకడు. పక్క ఊరి నుంచి తోలుపని చేసే ఆయన వచ్చేవాడు. ఎద్దుల మెడపట్టెడలు, చర్నాకోల వార్లు, చెప్పులు, అన్నీ ఆయన చేతివే. కూలి కళ్లంలో కొలిచే గింజలు. పచ్చితోలు సున్నం లందలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క రసంలో వారాలకొద్దీ ఊరబెట్టేవాడు. క్రోమ్ ఉప్పుతో ఇప్పుడది ఒకటి రెండు రోజుల పని. ఆ వాసన ఊరికి అవతలే ఉండాలి, ఆయనతో సహా.

మా నాయన పెళ్లికి బెల్టు కావాలన్నారు. కొలత తీయాల్సింది ఆ తోలుపని ఆయన. అరుగు ఎక్కనిస్తేగా! నాయన తనే పురికొస నడుముకి చుట్టుకుని, ముడేసి, అరుగు మీంచి కిందికి విసిరాడట. బెల్టు సరిగ్గా మూడో కన్నంలో బిగిసింది. ముప్పై ఏళ్లు పెట్టుకున్నాడు. ఆ తోలుపని ఆయన పనితనం ఎంతటిదో చెప్పడానికి మా ఇంట్లో ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. పురికొస దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు. నేనూ ఆగలేదు.

చెప్పులు కుట్టే కులపు హరళయ్య దంపతులు తమ తొడల చర్మంతో శివశరణుడు బసవన్నకి చెప్పులు కుట్టిన కథకి మన వైపు సభల్లో చప్పట్లు బాగా పడతాయి. హరళయ్య కొడుక్కి బ్రాహ్మణుడు మధువరసు కూతుర్నిచ్చి చేశాక కల్యాణ పట్టణంలో ఆ ఇద్దరు తండ్రులకీ పడిన శిక్ష దగ్గరికొచ్చేసరికి మైకు చేతులు మారుతుంది.

“మీ అబ్బాయికి నేర్పారా?” అని బజారు పెద్దాయన్ని అడిగా.

“నాతోనే సాకు సార్.”

కన్నడంలో సాకంటే చాలు. తెలుగులో వంక. కొడుకు బళ్లారిలో ఏసీలు బాగుచేస్తాడట. చెప్తున్నప్పుడు ఆయన ముఖంలో దిగులేం లేదు, ఉంటే గింటే నాకే. చేతిపని బతకాలని ఇన్నిసార్లు రాశానుగానీ, అందుకు ఎవరి కొడుకు అక్కడ కూర్చోవాలో ఒక్కసారీ రాయలేదు. అదీ నా సాకు.

ఈ పని ఆయనతో ఆగిపోతే ఇకమీదట గగ్గోలు పెట్టను. మనసుపడి నేర్చుకునేవాళ్లెవరైనా, ఏ ఇంటి పిల్లలైనా వస్తే, వాళ్లకే నా మొదటి గిరాకీ.

ఎనిమిది వందలు అడిగాడు, ఇచ్చాను. మీరూ కుట్టించుకుంటే బేరమాడకండి. కొలత మటుకు ఆయన చేత్తోనే తీయించుకోండి.