సుత్తి ఆగినా ఆగని మోత

చార్మినార్ చుట్టుపక్కల గల్లీల్లో వరక్ కొట్టే కొట్లు ఇంకా కొన్ని మిగిలాయి. వెండి ముక్కల్ని పుస్తకంలా కుట్టిన కట్టలో ఒక్కో పొరకు ఒక్కోటి చొప్పున పేర్చి, రాతి దిమ్మె మీద పెట్టి, బరువైన సుత్తితో గంటల తరబడి కొడతారు. ఊదితే ఎగిరిపోయేంత పల్చబడ్డాక ఆ వెండి మిఠాయి మీదికీ పాన్ మీదికీ చేరుతుంది. కొట్టేవాడి చెవికీ ఆ రాయికీ మధ్య చేయి చాపినంత దూరం కూడా ఉండదు. ఇరుకు గదిలో ప్రతి దెబ్బా గోడకు తగిలి మళ్లీ చెవిలోకే వస్తుంది.

ఆ పనిలోనే వయసు గడిచిన ఒకాయన నాతో అన్నాడు: "పని బంద్ చేసినంక గూడ చెవుల సీ అంటనే ఉంటది భయ్యా. రాత్రయితే ఇంకా జాస్తి." ఆయన చెప్పింది నాకు వెంటనే అర్థమైంది. నాకూ రెండు చెవుల్లో ఏళ్లుగా అదే హోరు.

దీన్ని సుశ్రుతుడు కర్ణనాదం పేరుతో చెవి రోగాల్లో చేర్చాడు. ఇవాళ డాక్టర్లు టినిటస్ అంటున్నారు. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. శబ్దాన్ని అందుకునే సన్నటి కేశకణాలు ఒక్కో చెవిలో సుమారు 15,000 ఉంటాయి. పెద్ద చప్పుడుకు అవి చనిపోతే మళ్లీ మొలవవు. ముందుగా దెబ్బతినేవి కీచుమనే స్వరాలను పట్టేవి. అందుకే వినికిడి పరీక్ష గీతలో 4,000 హెర్ట్జ్ దగ్గర గుంట కనిపిస్తుంది. చెవి నుంచి సమాచారం తగ్గేసరికి మెదడు తన వాల్యూమ్ పెంచుకుంటుంది. స్టేషన్ అందని రేడియోలో గరగర పెరిగినట్టు, లేని చప్పుడు వినపడేది అందుకేనని ఎక్కువమంది నిపుణుల అభిప్రాయం.

కాబట్టి చెవిలో కాచిన నూనె పోయడం, రోడ్డు పక్కన పుల్ల పెట్టించి గుబిలి తీయించుకోవడం నాకు అస్సలు నచ్చవు. గుబిలి వల్లే హోరు వస్తున్నా, దాన్ని తీయాల్సింది డాక్టరే. పెద్ద మోతాదులో ఆస్ప్రిన్, కొన్ని ఇంజెక్షన్లు కూడా హోరు తెప్పిస్తాయి. ఒక్క చెవిలోనే మోగినా, నాడి కొట్టుకున్నట్టు లయగా మోగినా, ఉన్నట్టుండి వినికిడి తగ్గినా ఆలస్యం చేయొద్దు. ఈ చివరిదానికి మొదటి రోజుల్లో చేసే వైద్యమే పనికొస్తుంది.

పాత హోరును పూర్తిగా మాన్పే మాత్ర ఇంకా రాలేదు. అయితే బతుకు తేలిక చేసే దారులున్నాయి. వినికిడి తగ్గినవాళ్లకు చెవి మిషన్ పెడితే బయటి మాటలు తిరిగి అందుతాయి, హోరు వెనక్కి తగ్గుతుంది. భయాన్నీ చిరాకునూ తగ్గించే కౌన్సెలింగ్‌కు మంచి రుజువులున్నాయి. నేను చేసేది చాలా మామూలు పని. పడుకునేటప్పుడు గదిని పూర్తి నిశ్శబ్దంగా ఉంచను. ఫ్యాన్ తిరుగుతుంది, రేడియో మాట అర్థం కానంత మెల్లగా మోగుతుంది. హోరును ముంచేసేంత చప్పుడు పెట్టకూడదు. రెండూ పక్కపక్కన వినపడుతుంటే మెదడు కొన్నాళ్లకు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. నిద్ర చెడిన రోజున మాత్రం మళ్లీ తలెత్తుతుంది. లాల్ దర్వాజా బోనాల్లో తీన్మార్ వింటాను, కాకపోతే ఇప్పుడు చెవుల్లో ప్లగ్గులు పెట్టుకుని వింటాను. డీజే పెట్టెల ముందు నిలబడను.

85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు దాటొద్దంటారు. ఆపైన 3 డెసిబెల్స్ పెరిగిన కొద్దీ ఆ సమయం సగమవుతుంది. చప్పుడు వల్ల వచ్చే చెవుడును 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం వృత్తి వ్యాధుల జాబితాలో పెట్టింది కూడా. కానీ ఇద్దరు ముగ్గురు కూర్చుని సుత్తి కొట్టే కొట్టు ఏ ఫ్యాక్టరీ లెక్కలోకి వస్తుంది? మన స్వీట్ మీద మెరుపు ఆ చెవుల ఖర్చుతో వచ్చిందే.

మూసీ దాటితే కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. కూలి పోతుందని వరక్ కొట్టేవాళ్లు అక్కడికి వెళ్లరు. ఏడాదికోసారైనా అక్కడి సిబ్బంది వినికిడి కొలిచే ఆడియోమీటర్ పట్టుకుని ఈ గల్లీలకు రావాలి. ప్లగ్గులు తెచ్చి, పెట్టుకోవడం నేర్పాలి. కొత్తగా సుత్తి పట్టిన కుర్రాళ్లతోనే మొదలుపెట్టండి. వాళ్ల చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.