వేసిన చేప, పుట్టిన చేప

మృగశిర కార్తె రోజు పొద్దున్నే రాంనగర్ మార్కెట్‌లో బొచ్చె చేప కొట్టించుకుని, ఉప్పల్ తిరిగొస్తూ ఒక చెరువు దగ్గర ఆగాను. ఆ చెరువు పేరు రాయను. ఉప్పల్, నాచారం, రామంతాపూర్ వైపు ఉండేవాళ్లకు అలాంటివి తెలిసినవే: చుట్టూ ఇనుప కంచె, లోపల నడకదారి, కసరత్తు సామాను, నీళ్ల మీద ఓ మూల గుర్రపుడెక్క. కంచెకు కొత్తగా బోర్డు కట్టారు, ‘చేపలు పట్టరాదు’ అని. దాని కింద పన్నెండేళ్ల పిల్లాడొకడు కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కాపలా మనిషి వాడి గాలపు కర్రను మోకాలికేసి విరిచి అవతల పారేశాడట. “ఏం పట్టినవ్ రా?” అనడిగితే పాలిథిన్ కవరు విప్పి చూపించాడు. అరచేయంత జిలేబి చేపలు మూడు. ఒకటి ఇంకా నోరు తెరుస్తోంది.

నాకు కోపమొచ్చింది. ఇంటికొచ్చాక కూడా తగ్గలేదు. పులుసు ఉడుకుతుండగానే ఈ కాలమ్ రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఇదీ: చెరువు ఊరిది, చేప అందరిది, ఆ బోర్డు పీకెయ్యండి. ఆ వాక్యం ఇప్పుడు కొట్టేశాను. ఎందుకు కొట్టేశానో చెప్పాలంటే మా నాయిన దగ్గరికి వెళ్లాలి.

దానికి ముందు ఒక్క మాట. ‘సుందరీకరణ’ అన్న మాటతో నాకున్న పేచీ ఈ కాలమ్ చదివేవాళ్లకు పాతదే. చెరువు చుట్టూ రాళ్లు పరిచి, దీపాలు పెట్టి, నీళ్లను మాత్రం అలాగే వదిలేసే పనికి ఆ పేరు పెట్టారు. నడకదారి మీద పది చుట్లు తిరిగే మనిషి నీళ్లకేసి పదిసార్లు కూడా చూడడు. గాలం వేసినవాడు రెండు గంటలు ఇంకెక్కడికీ చూడడు. ఏ మూల నుంచి నురగ వస్తోందో, ఏ పూట నీళ్లు రంగు మారుతున్నాయో, నిరుడు పడిన చేప ఈసారి ఎందుకు పడటం లేదో వాడికి తెలుస్తుంది. బొచ్చెలు, రవ్వలు పోయి మార్పు చేపలు, జిలేబిలే గాలానికి తగులుతున్నాయంటే ఆ నీటి సంగతి ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇది ఎన్నిసార్లు రాసినా నాకు తనివి తీరదు.

నాయిన నాచారం పారిశ్రామికవాడలో రాత్రి షిఫ్టు చేసేవాడు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి, చాయ్ తాగి, పడుకోకుండా నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని నాచారం పెద్ద చెరువుకు తీసుకెళ్లేవాడు. వెదురు కొసను రెండు నెలలు నీడన ఎండబెట్టి గాలపు కర్ర చేసేవాడు. దారం, గాలాలు మోండా మార్కెట్‌లో కొనేవి. బెండు మాత్రం జొన్న సొప్ప గీకి తానే చేసేవాడు. ప్లాస్టిక్ బెండు చేప ముట్టగానే ఎగిరెగిరి పడుతుందనీ, జొన్న బెండు చేప ఏం చేస్తే అదే చూపిస్తుందనీ అనేవాడు. బోరింగు పక్కన తడిమట్టి తవ్వి ఎర్రలు తీయడం నా పని. ఎర్రను గాలానికి గుచ్చడం కాదు, మేజోడు తొడిగినట్టు మెల్లగా ఎక్కించాలి, కొస అరంగుళం వదిలెయ్యాలి. ఆ వదిలిన కొస నీళ్లలో కదిలితేనే చేప వస్తుంది.

బెండును చదవడం కూడా అక్కడే నేర్చుకున్నాను. పరికెలు ముడితే బెండు వణుకుతుంది, మునగదు. జిలేబి ముట్టితే రెండుసార్లు తల ఊపి పక్కకు జరుగుతుంది. మోసు అడుగున మేస్తూ సీసం ముక్కను ఎత్తేస్తుంది, అప్పుడు నిలబడ్డ బెండు నీటి మీద అడ్డంగా పడుకుంటుంది. కొర్రమట్ట అయితే ఇవేవీ ఉండవు. బెండు ఉన్నట్టుండి కనబడదు, అంతే.

ఒక ఆషాఢంలో తుంగ పక్కన నీటి మీద కుంకుమ చల్లినట్టు ఎర్రగా ఏదో కదలడం చూశాను. చూస్తుండగానే అది ముద్దయ్యింది, మళ్లీ విచ్చుకుంది. కొర్రమట్ట పిల్లలు, వందల కొద్దీ. వాటి కింద రెండడుగుల లోతున నల్లటి నీడ ఒకటి కదలకుండా కాపలా ఉంది. పిల్లలన్నీ గాలి పీల్చుకోడానికి ఒక్కసారే పైకొస్తాయి, ఒక్కసారే దిగుతాయి. నేను గాలం విసరబోతే నాయిన చెయ్యి పట్టుకున్నాడు. పిల్లల మీదున్న చేప ఆకలితో కాదు, కోపంతో గాలాన్ని కరుస్తుంది. దాన్ని తీసేస్తే సాయంత్రానికి ఆ ఎర్రటి ముద్దలో ఒక్కటీ మిగలదు. ఆ కొర్రమట్టనే తర్వాత తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు ఆ కుంకుమ రంగు నా కళ్ల ముందు ఆడింది.

ఈ కథలో నాకు కావలసింది ఇంకొకటి ఉంది. చెరువు తూము దగ్గర వల అల్లుకుంటూ ఒక తాత కూర్చునేవాడు, మత్స్య సహకార సంఘం మనిషి. నాయిన సైకిల్ దిగగానే ముందు ఆయన దగ్గరికే వెళ్లేవాడు. బీడీ కట్ట చేతికిచ్చి, “పెద్దయ్యా, గంటసేపు కూసుంటం” అనేవాడు. తాత ప్రతిసారీ ఒకటే మాట అనేవాడు: “కూసోండ్రి. పుట్టింది మీది, ఏసింది మాది.”

నాకు అర్థమయ్యేది కాదు. ఒక ఆదివారం మోచేతి పొడుగు బొచ్చె పడింది. కర్ర విల్లులా వంగింది. నాయిన పది నిమిషాలు దాన్ని అలిసిపోనిచ్చి ఒడ్డుకు తెచ్చాడు. చేతులు నీళ్లలో ముంచి, తడిచేతులతో గాలం తీసి, తువ్వాలలో పెట్టుకుని నేరుగా తూము దగ్గరికి నడిచాడు. తాతకిచ్చేశాడు. నేను కట్ట మీద కూర్చుని ఏడ్చాను. ఆ రోజు మా ఇంటికి వెళ్లినవి గుప్పెడు పరికెలు, ఒక జెల్ల.

తాత మాటలోని లెక్క పెద్దయ్యాక చేపల గురించి చదువుకుంటున్నప్పుడు అర్థమైంది. బొచ్చె, రవ్వ, మోసు పారే నీటి చేపలు. వానాకాలం ఏరు పొంగితేనే గుడ్లు పెడతాయి. నిలవనీటి చెరువులో ఎంత బలిసినా కడుపులో గుడ్లు ఉంటాయి గానీ పెట్టవు. అందుకే ఒకప్పుడు నదుల్లో పిల్లలను ఏరుకొచ్చి చెరువుల్లో వదిలేవాళ్లు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త చేప పిట్యూటరీ గ్రంథి రసాన్ని సూదితో ఎక్కించి ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించాడు. మనం జూలై 10ని జాతీయ మత్స్య రైతుల దినంగా జరుపుకునేది అందుకే. ఇవాళ మన చెరువుల్లో వేసే ఈ జాతి పిల్లలు దాదాపు అన్నీ ఆ దారిలోనే, చేపపిల్లల కేంద్రాల్లో పుట్టినవి. తెలంగాణ ప్రభుత్వం 2016లో ఉచిత పంపిణీ మొదలుపెట్టాక, ఏడాదంతా నీళ్లుండే చెరువులకు 80 నుంచి 100 మిల్లీమీటర్ల పిల్లలు, ఎండిపోయే కుంటలకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు అని లెక్కగట్టి ఇచ్చారు. బొచ్చె పైనీటిలో మేస్తుంది, రవ్వ నడిమి నీటిలో, మోసు అడుగున. ఒకే చెరువులో మూడు అంతస్తుల సేద్యం.

అంటే చెరువులో బొచ్చె కనబడిందంటే ఎవరో ఒకరు సంచిలో తెచ్చి వదిలినట్టే. అది అడవిలో పండు కాదు, ఒకరి చేనులో కంకి. కొర్రమట్ట, జెల్ల, పరికె వాటంతట అవి పుట్టినవి. ‘చేప అందరిది’ అని నేను రాసిన వాక్యం అక్కడ ఆగిపోయింది. తూము దగ్గరి తాత ఒక్క ముక్కలో చెప్పింది నేను అరపేజీలో తప్పు రాశాను.

మరి జిలేబి? ఆ జాతి మన దేశానికి 1952లో వచ్చింది. దాన్ని ఎవరూ వెయ్యనక్కర్లేదు. ఆడచేప గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు బయటికొచ్చాక కూడా అలికిడైతే మళ్లీ నోట్లోకి తీసుకుంటుంది. ఒకసారి చెరువులో చేరిందా, వేసిన చేపల మేతకు పోటీ అదే. పిల్లాడి కవర్లో ఉన్నవి మూడూ అవే. తాత చట్టం ప్రకారం వాడిది దొంగతనం కాదు, సంఘానికి సాయం. వాడి కర్ర విరిచిన చెయ్యి తప్పు చేసింది. ఆ మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను.

డాలస్‌లో ఉండే మా మేనల్లుడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. అక్కడ ‘నైబర్‌హుడ్ ఫిషింగ్’ పేరుతో రాష్ట్ర శాఖే ఊళ్లలోని పార్కు చెరువుల్లో ఎండాకాలం క్యాట్‌ఫిష్, చలికాలం ట్రౌట్ తెచ్చి వదులుతుందట. పదిహేడేళ్లలోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లు కొనుక్కోవాలి. ఆ దేశంలో 1950లో తెచ్చిన చట్టం ప్రకారం గాలపు సామాను మీద వసూలయ్యే పన్ను మళ్లీ చేపల సంరక్షణకే వెళ్తుంది. అంటే అక్కడ వేసిన చేప ఖర్చు గాలం వేసేవాడే భరిస్తున్నాడు. ఇక్కడ పిల్లలను ప్రభుత్వం ఇచ్చినా, వాటిని పెంచి కాచుకునే కష్టం సంఘంలోని ముదిరాజులు, గంగపుత్రులు పడుతున్నారు. ఇద్దరి లెక్కా న్యాయమైనదే. ఏ కష్టమూ పడకుండా ‘అందరిది’ అన్న నా వాక్యం ఒక్కటే న్యాయం కాదు.

శుక్రవారం మళ్లీ ఆ చెరువుకు వెళ్లాను. థర్మకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న సంఘం సభ్యుడొకాయన కనిపించాడు. బోర్డు మీరే పెట్టించారా అనడిగాను. “మేం పెట్టలే సార్. గా పోరగాళ్లు పట్టే జిలేబిలు మాకు లెక్కనే గాదు” అన్నాడు. కాసేపాగి, నాలా వచ్చి కలిసే మూల వైపు చెయ్యి చూపించాడు. “నిరుడు మొదటి వాన పడ్డ తెల్లారి ట్రాలీ నిండ ఎత్తినం. కిలోకు రావాల్సిన బొచ్చెలు, గన్నీ తెల్లగ తేలినయి. ఎవల్నడగాలె?”

అది ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ప్రతి జూన్‌లో జరిగేది అదే. ఎండాకాలమంతా నాలాల్లో మురుగు పేరుకుంటుంది. తొలి వాన దాన్నంతా ఒక్కసారి చెరువులోకి తోస్తుంది, అడుగు బురదనూ లేపుతుంది. ఆ మురుగును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును తాగేస్తాయి. పచ్చటి నాచు పగలు ప్రాణవాయువు ఇస్తుంది గానీ రాత్రి అదీ తాగుతుంది. కాబట్టి తెల్లవారుజామున నీటిలో ఊపిరి అన్నిటికంటే తక్కువ. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం ప్రకారం చేపలు బతికే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండాలి. అది లేనప్పుడు గాలి పీల్చగలిగిన కొర్రమట్ట, మార్పు మిగులుతాయి. వేసినవన్నీ పోతాయి.

పిల్లాడికి ఆ రోజు చెప్పాల్సిన మాట ఒకటుంది, కోపంలో చెప్పలేదు. ఆ చేపలు వండుకోవద్దని. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చెరువుల్లో అడుగు బురదలోకి లోహాలు చేరతాయి, బురద కెలికి మేసే చేప ఒంట్లోకి అవి వెళ్తాయి. పట్టడం వేరు, తినడం వేరు. మా నాయిన గుప్పెడు పరికెలు ఇంటికి తెచ్చిన చెరువులు ఇప్పుడు అలా లేవు.

చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024 జూలైలో ఏర్పడ్డాక తొలి విడత పునరుద్ధరణకు తీసుకున్న ఆరు చెరువుల్లో మన ఉప్పల్ నల్ల చెరువు ఉంది. సంతోషం. ఇక్కడి పెద్దలకు, అధికారులకు నేను అడిగేది బోర్డులు పీకమని కాదు. ఉంచండి. దాని మీద ఇంకో మూడు వరుసలు రాయించండి: ఈ చెరువులో చేపపిల్లలు వేసిన సంఘం ఏది, గాలం వేసుకోడానికి ఎవరిని అడగాలి, ఈ నెల పరీక్షలో నీటిలో ప్రాణవాయువు ఎంత. బీడీ కట్ట పట్టుకుని అడగడానికి మా నాయినకు తూము దగ్గర ఒక మనిషి ఉండేవాడు. ఈ పిల్లాడికి బోర్డు తప్ప మనిషి లేడు.

తొలకరి ఇవాళో రేపో. మీ కాలనీ పక్కన చెరువుంటే, మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు తెల్లవారక ముందే కట్ట మీదికి వెళ్లండి. చేపలు గుంపులుగా నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుంటూ కనబడితే ఎండెక్కేదాకా ఆగకండి. సంఘం వాళ్లను లేపండి, వార్డు ఆఫీసుకు ఫోన్ చెయ్యండి, ఏ నాలా నుంచి మురుగు వస్తోందో ఫొటో తీసి పంపండి. ఆ గంటలో కబురందితే సంఘం వాళ్లు కొన్నిటినైనా వల వేసి బతికుండగా తీసుకోగలరు.