అంగట్లో ముద్దు, అంగిట్లో చిల్లు

పగ్ ఈనిందంటే ఇంటిల్లిపాదీ పిల్లల ముడతల మొహాలు చూసి మురిసిపోతారు. చేయి తిరిగిన పశువైద్యుడు మాత్రం ముందు నోరు తెరిచి చూస్తాడు. తువ్వాలుతో ఒళ్ళు రుద్ది, ఊపిరి అందుకున్నాక, అరచేతిలో ఇమిడే కూన నోట్లో చిటికెనవేలు పెట్టి అంగిలి తడుముతాడు. నున్నగా కలిసి ఉంటే సరే. నడుమ చీలిక తగిలిందా, తాగిన పాలు ముక్కులోంచి బయటికొస్తాయి; కొన్ని ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తాయి.

ఈ చీలికే మనుషుల్లో పెదవి మీద కనబడితే గ్రహణం మొర్రి అంటాం. చూలు కుక్క ఏ గ్రహణం చూసిందట? సూర్యచంద్రులకు పాపం అంటగట్టనక్కర్లేదు. కొన్ని మందులు, మోతాదు మించిన విటమిన్ ఎ కూడా కారణం కావచ్చుగానీ, పొట్టిమూతి జాతుల్లో ఇది ఎక్కువగా వంశం వెంట వస్తుంది. అందుకే ఫ్రెంచ్ బుల్‌డాగ్ పెంచేవాళ్ళు చూలుకు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ పెడుతుంటారు. మంచిదే. దాంతో మూతి మాత్రం పొడవవదు.

చీలికతో పుట్టిన పిల్లను దక్కించుకోవడం పెద్ద తపస్సు. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా సన్నటి గొట్టాన్ని కొలిచి గుర్తు పెట్టుకోవాలి. రెండు మూడు గంటలకోసారి, అర్ధరాత్రయినా సరే, దాన్ని పొట్టలోకి దించి పాలు పోయాలి. దారి తప్పి శ్వాసనాళంలోకి వెళ్తే ప్రాణానికే ముప్పు. తడి దూదితో కింద తుడిస్తేగానీ ఉచ్చ పోయదు. తల్లి నాకితే జరిగే పని అది. రోజూ తూకం. ఇదంతా దాటితే, మూడు నాలుగు నెలలకు ఆపరేషన్.

అన్ని లోపాలకూ ఇంత గడువుండదు. బుల్‌డాగుల్లో కొన్ని పిల్లలు ఒళ్ళంతా నీరు పట్టి, మామూలు బరువుకు రెండింతలై పుడతాయి. వాటిని వాటర్ పప్స్ అంటారు. చాలావరకు బతకవు. తోక మెలిక తిరిగితే ముచ్చటపడే మనకు, ఆ మెలిక కూడా ఎముక లోపమేనని తోచదు. బుల్‌డాగ్, ఫ్రెంచ్ బుల్‌డాగ్, బోస్టన్ టెర్రియర్‌లలో ఈ తోకకూ వంకర వెన్నుపూసలకూ డీవీఎల్2 అనే జన్యువులోని మార్పుతో లంకె ఉందని 2018లో తేలింది. ఈ మూడు జాతుల్లోనే కాన్పుల్లో 80 శాతానికి పైగా సిజేరియన్లేనని బ్రిటన్‌లో 2010లో వచ్చిన అధ్యయనం చెప్పింది. పిల్ల తల పెద్దది, తల్లి కటి ఇరుకు మరి.

మన దగ్గర పగ్‌కు గిరాకీ తెచ్చింది 2003 నాటి హచ్ మొబైల్ కంపెనీ ప్రకటన. కుర్రాడి వెంట నడిచే ఆ కుక్కను చూసి ఎందరో కొన్నారు. ఆ గురక ముద్దుగానే అనిపించింది. ఇరుకు ముక్కురంధ్రాలతో అది గాలికి పడే అవస్థ అని ఎవరు చెప్పారు? నార్వేలో ఇలాంటి పెంపకం కోర్టుకెక్కింది. 2022లో ఓస్లో న్యాయస్థానం ఇంగ్లిష్ బుల్‌డాగ్, కావలియర్ జాతుల పెంపకాన్ని తప్పుపట్టింది. బుల్‌డాగ్ విషయంలో అప్పీలు కోర్టు ఆ తీర్పును మార్చింది.

మన దేశంలో 2017 నిబంధనల ప్రకారం 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. అప్పటికి అంగిలి సంగతి కంటికి తెలుస్తుంది. కొనబోయేవారు మొహమాటపడకుండా పిల్ల నోరు తెరిపించి చూడండి. తల్లిని చూపించమనండి, దాని ముక్కురంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో గమనించండి, ఎన్ని కాన్పులు కోతతో అయ్యాయో అడగండి. అమ్మేవాడు నసిగితే డబ్బు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.